గేటు మూసి ఉంది

మేస్త్రి బావమరిది కుడిచెయ్యి పోగొట్టింది ఫోర్‌మన్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. రేకు మూతలు కొట్టే పెద్ద ప్రెస్సుకు జాలీ గేటు ఉంది. గేటు పక్కన ఇనప పెట్టెలో స్విచ్ ఉంది. గేటు తెరిచి ఉన్నంతసేపు ఎవరు పెడల్ తొక్కినా ప్రెస్సు కిందికి రాకూడదు. వచ్చింది. అంటే పెట్టె లోపల రెండు తీగలను ఎవడో కలిపి, తెరిచిన గేటును మూసినట్టు నమ్మించాడు. ఆ షెడ్డులో అలాంటి పనికి అలవాటుపడ్డ చెయ్యి ఒక్కటే. చిన్న ప్రెస్సు మీద రెండుసార్లు తీగలు కలిపి పట్టుబడ్డవాడు ఫోర్‌మన్. గేటు వేసి తీసే తంటా లేకపోతే గంటకు నలభై మూతలు ఎక్కువ పడతాయన్నది అప్పట్లో అతను చెప్పుకున్న సమాధానం.

మేస్త్రి ఆస్పత్రి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చాడు. అతను ఆ షెడ్డు మనిషి కాదు. రెండు వీధుల అవతల పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అతనిది. చచ్చిన డబ్బాలను లేపుతాడని అందరూ డబ్బా మేస్త్రి అంటారు. ఆ ప్రెస్సును నడిపే కంప్యూటరు పద్నాలుగు నెలల కింద అతను పెట్టిందే. బావమరిదిని ఆ ప్రెస్సు మీద పనికి కుదిర్చిందీ అతనే. భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరు మగాళ్ళు, రెండు కంచాలు.

అతని చొక్కా ముందుభాగం ఎండిన రక్తంతో అట్టలా బిగుసుకుంది. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు బావమరిది ఆ చొక్కాలోకే ముఖం దూర్చి చెప్పాడు. "గేటు తీసే ఉంది బావా. రేకు ఇరుక్కుంటే తీద్దామని వంగాను. కాలు జారి పెడల్ మీద పడింది." ఆ తర్వాత పళ్ళు బిగుసుకుపోయాయి.

షెడ్డులో మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఎవరో ప్రెస్సు పీట మీద బకెట్టుతో నీళ్ళు కొడుతున్నారు. నీళ్ళు ముందు ఎర్రగా, తర్వాత పలచగా, పైన నూనె తేలుతూ కాలవలోకి పోతున్నాయి. ఫోర్‌మన్ పనిముట్ల బీరువాకు ఆనుకుని నిలబడి, వినేవాడున్నా లేకున్నా ఒకటే మాట అంటున్నాడు. తను కలపలేదని, కావాలంటే పెట్టె తెరిచి చూడమని. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. ఎవరూ పెట్టె వైపు కదల్లేదు. వాళ్ళలోంచి వెల్డరు ముందుకొచ్చాడు. నిలువెత్తు మనిషి. బావమరిదితో కలిసి ఒకే గిన్నెలో తిన్నవాడు.

"తెరవమంటావా? తెరిచేదీ నువ్వే, స్క్రూడ్రైవరూ నీ జేబులోదే. తెరుస్తూ తెరుస్తూనే తీగ పీకి మింగేస్తావు," అన్నాడు వెల్డరు. "నీ చేతులు రెండూ బాగానే ఉన్నాయిగా. ఒకసారి పైకెత్తు, చూసి సంతోషిస్తాం."

మేస్త్రి బల్ల మీది రింగు పానా తీసుకున్నాడు. మూరెడు పొడవుంది. కొత్త పనిముట్టు బరువు చూసుకున్నట్టు చేతిలో ఒకసారి ఆడించాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఫోర్‌మన్ బీరువా పిడిని పట్టుకున్నాడు, వదల్లేదు, తిరగబడలేదు. రెండోది మోచేతి మీద. మూడోది నెత్తి మీదికి పోవాల్సింది, అతను ముఖం తిప్పడంతో ఎడమ కంటి మీద పడింది. తడిగుడ్డను బండకేసి కొట్టిన చప్పుడయింది. అప్పుడు పిడి వదిలాడు.

అతను కూలబడ్డాక మిగతావాళ్ళు కాళ్ళతో అందుకున్నారు. ఇన్నేళ్ళూ అతని చేత మాటలు పడ్డవాళ్ళు, ఆలస్యమైందని షెడ్డు బయట నిలబడ్డవాళ్ళు, పక్కవాణ్ణి తోసుకుని మరీ వచ్చి తన్నారు. చోటు దొరకని ఇద్దరు ఇనప కడ్డీలు పుచ్చుకుని ప్రెస్సు పక్కనున్న కంప్యూటరు మీద పడ్డారు. తెర పగిలింది. డబ్బా లోపలికి కుంగి, పక్క రేకు ఊడి, పచ్చటి బోర్డు ముక్కలు నీళ్ళలోకి రాలాయి. అది మేస్త్రి చేతిపని. అతను చూస్తూ నిలబడ్డాడు, వద్దనలేదు.

ఓనరు వచ్చేసరికి కొట్టడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఓనరు మేస్త్రి కొట్టుకు వచ్చాడు. ఎప్పుడూ కబురు పెట్టి పిలిపించుకునే మనిషి, ఇవాళ గుమ్మంలో చెప్పులు విడిచాడు. పలకరించకుండా నేరుగా విషయానికొచ్చాడు. పోలీసుల దాకా ఏదీ పోనివ్వలేదని, పానా సంగతి ఎవరూ ఎత్తరని, ఫోర్‌మన్‌ను ఈ పూటతో తీసేశానని చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మూతలు తీసుకెళ్ళే లారీ వస్తుంది. ఆ లోపల ప్రెస్సు నడవాలి.

మేస్త్రి ఒక డిస్కును నోటితో ఊది దుమ్ము వదిలిస్తున్నాడు. తల ఎత్తలేదు.

"కంప్యూటరు ముక్కలయింది," అన్నాడు.

"ఇంకోటి పెట్టు."

"పెట్టడం కాదు. ఆ ప్రెస్సు ప్రోగ్రాం రాసినవాళ్ళు ఎప్పుడో కొట్టు కట్టేశారు. అది ఇరవై ఐదేళ్ళ కిందటి సిస్టమ్ మీదే నడుస్తుంది. ఇప్పటి బోర్డులు దాన్ని గడప తొక్కనివ్వవు."

"పోయినసారి తొక్కించావుగా."

"తొక్కించాను."

ఓనరు బావమరిదిని బతికున్నంతకాలం షెడ్డులో ఏదో ఒక పని మీద ఉంచుతానని మాటిచ్చాడు. వాచ్‌మన్‌గానైనా సరే. మేస్త్రి ఒక్క షరతు పెట్టాడు. ఫోర్‌మన్ మళ్ళీ ఆ షెడ్డులో అడుగు పెట్టకూడదు. ఓనరు అంత తొందరగా ఒప్పుకోవడం చూస్తే, అడగకపోయినా అదే చేసేవాడని తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం మేస్త్రి ఆస్పత్రికి వెళ్ళాడు. చెయ్యి మోచేతి కింద నుంచి లేదు. బావమరిది ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినబోయి, సగం మెడ మీద పోసుకుని, కంచాన్ని గోడకేసి కొట్టాడు. పక్క మంచం ముసలాయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. మేస్త్రి నేల తుడిచి, ఇంకో కంచం తెచ్చి, పక్కన కూర్చుని తన చేత్తో పెట్టాడు. నాలుగు ముద్దలు తిని బావమరిది ఏడుపు ఆపాడు.

"వాడి కన్ను పోయిందంటగా."

"పోయింది."

"చాలదు బావా. చేతికి చెయ్యే."

మేస్త్రి ఐదో ముద్ద పెట్టాడు.

నీళ్ళలోంచి ఏరిన డబ్బాలో మూడు బతికాయి. డిస్కు, ప్రెస్సును నడిపే కార్డు, పాత డిస్‌ప్లే కార్డు. మిగిలిందంతా చెత్త. బుధవారం పొద్దుటి నుంచి మేస్త్రి బల్ల మీద కొత్త బోర్డు పరిచి కూర్చున్నాడు. పాత కార్డు పట్టే స్లాట్ ఒక్కటైనా మిగిలిన బోర్డు కోసం నాలుగు కొట్లు తిరగాల్సి వచ్చింది.

కొత్త బోర్డులకు పొగరెక్కువ. కరెంటు తగలగానే మొదట కళ్ళు తెరిచే చిన్న ప్రోగ్రాం ఒకటి బోర్డులోనే కాపురముంటుంది. ఫర్మ్‌వేర్ అంటారు. పాత బోర్డుల్లో అది అమాయకపుది. డిస్కు మొదట్లో ఏం రాసి ఉంటే దానికి పెత్తనం అప్పజెప్పి తను పక్కకు తప్పుకునేది. కొత్తవాటిలో అది వాకిట్లో కూర్చుని వచ్చినవాణ్ణల్లా సంతకం చూపించమంటుంది. సంతకమన్న మాటే పుట్టని రోజుల్లో రాసిన సిస్టమ్ ఏం చూపిస్తుంది? నల్ల తెర మీద తెల్ల గీత ఒకటి కొట్టుకుంటూ ఉండిపోతుంది.

మేస్త్రి ముందు సంతకం అడగడం మాన్పించాడు. మెనూలో పాత పద్ధతి అని ఒక వరుస ఉంది, అది బూడిదరంగులో చచ్చిపడి ఉంది, నొక్కితే కదల్లేదు. బోర్డు సొంత డిస్‌ప్లేకు పాత పద్ధతి తెలియదు. పాత డిస్‌ప్లే కార్డు తుడిచి గుచ్చాక ఆ వరుసకు ప్రాణం వచ్చింది. తర్వాత డిస్కును పాతకాలం డిస్కులా నటించమన్నాడు. అయినా సిస్టమ్ సగం లేచి పడిపోయింది. మెమరీ ఎక్కువైంది. కరువులో పెరిగినవాణ్ణి విందులో కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది. ఒక మెమరీ పలక పీకేసి, రెండోదానిలోనూ కొంతే కనబడేలా ఒక ఫైల్లో గీత గీశాడు. ఈసారి లేచింది. ఇరవై ఐదేళ్ళ కిందటి ఆ నీలం తెర, ముతక అక్షరాలు. మేస్త్రి నవ్వలేదు గానీ సిగరెట్టు ముట్టించాడు.

గుమ్మంలో ఫోర్‌మన్ భార్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చేతిలో ఆస్పత్రి కాగితాల కవరు. దాన్ని బయటికి తీయలేదు.

"అన్నా, కన్ను గురించి రాలేదు," అంది. "పోయింది పోయింది. ఆ పెట్టె తెరిచి చూడన్నా. నువ్వు చూసి ఇదుగో కలిపాడు అంటే, నేనే ఆయన మొహం చూడను."

మేస్త్రి పొగ వదిలి, చూడ్డానికి ఏముందన్నాడు.

"చిన్న ప్రెస్సుకు కలిపాడు. ఎవడు కలిపాడని అడిగితే నేనే అన్నాడు. రెండోసారీ అంతే. వెధవ పనులు చేస్తాడు గానీ, అబద్ధమాడ్డం చేతకాదన్నా ఆయనకి. అది వచ్చుంటే మేమిలా ఉంటామా? దీనికి కలిపుంటే కలిపానని అనేసేవాడు."

"మా వాడికి చెయ్యి లేదు. నీ మొగుడికి మాటలున్నాయి. వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. గడప మీద చెయ్యి ఆనించి అక్కడే కూర్చోబోయింది. మేస్త్రి లేచి షట్టర్ పట్టుకుని ఒక్కసారిగా కిందికి లాగాడు. ఇనుము గడపను కొట్టింది. ఆమె చెయ్యి ఆఖరి క్షణంలో బయటికి పోయింది. షట్టర్ అవతల కొంచెంసేపు ఊపిరి చప్పుడు వినిపించింది, తర్వాత చెప్పుల చప్పుడు. ఆ కొట్టులో వెలుతురు సరిపోక మేస్త్రి లైటు వేసుకుని పని సాగించాడు.

గురువారం షెడ్డులో ప్రెస్సు వైపు ఎవరూ లేరు. కంప్యూటరు బిగించేదాకా ప్రెస్సును ఎవరూ ముట్టుకోవద్దని ఓనరు తాడు కట్టించాడు. మేస్త్రి డబ్బాను పీట మీద పెట్టి, అన్నిటికంటే ముందు నిచ్చెన వేసుకుని గేటు పెట్టె దగ్గరికి ఎక్కాడు. కలిపిన తీగ ముక్కను పీకి జేబులో వేసుకోవాలని, ఫోర్‌మన్ భార్య ముఖాన కొట్టాలని అతని ఆశ.

పెట్టె మూతకు నాలుగు స్క్రూలు. బిగించినప్పుడు ఎలక్ట్రీషియన్ వాటి తలల మీద పూసిన ఎర్రరంగు నాలుగింటి మీదా చెక్కు చెదరకుండా ఉంది. ఆ రంగు పగలకుండా మూత తీయడం ఎవడి తరమూ కాదు. మేస్త్రికి అది తెలుసు. తెలిసే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. రంగు పెంకులు పెంకులుగా రాలి అతని ముంజేతి మీద పడింది. లోపల సాలెగూడు. రెండు తీగలు, వాటి మధ్య వేలెడు ఖాళీ.

అయితే దారిలో ఎక్కడో కలిపాడన్నమాట. మేస్త్రి మూత బిగించి, కిందికి దిగి, మీటరు తీసుకుని తీగను ఆ చివర నుంచి ఈ చివర దాకా కొలిచాడు. గేటు తెరిస్తే లైను తెగుతోంది. మూస్తే కలుస్తోంది. ఎక్కడా అతుకు లేదు. దొంగ ముండాకొడుకు అనుకున్నాడు. ఎక్కడ చేశాడో అంతుబట్టకుండా చేశాడు.

తీగ చివరను ఒళ్ళో పెట్టుకుని కంప్యూటరు లేపాడు. నీలం తెర వచ్చింది. ప్రెస్సు ప్రోగ్రాం లేచింది. నూనె, గాలి, లోతు, లెక్క. అన్నిటికింద గేటు అన్న వరుస. దాని పక్కన పచ్చగుర్తు. గేటు మూసి ఉంది.

మేస్త్రి గేటు వైపు చూశాడు. బార్లా తెరిచి ఉంది. ఒళ్ళో చూసుకున్నాడు. గేటు తీగ అతని తొడ మీద చుట్టగా పడి ఉంది. కంప్యూటరుకు ఇంకా తగిలించనే లేదు. తగిలించాల్సిన ప్రింటరు పోర్టు కార్డు అట్టపెట్టెలోనే ఉంది.

కార్డు తీసి గుచ్చాడు. తీగ తగిలించాడు. మళ్ళీ లేపాడు. గేటు తెరిచాడు, మూశాడు, తెరిచాడు. పచ్చగుర్తు కదల్లేదు.

అప్పుడు అర్థమైంది. అర్థం కాకపోవడానికి అతనేమీ పిల్లాడు కాదు. ఆ ప్రెస్సుకు గేటు తర్వాత బిగించారు. దాని తీగ ఒక్కటే ప్రింటరు పోర్టు గుండా వస్తుంది. పాత కంప్యూటర్లలో ఆ పోర్టుకు ఎక్కడైనా ఒకటే ఇంటి నంబరు. ప్రోగ్రాం ఆ నంబరు తప్ప ఇంకోటి ఎరగదు. కొత్త బోర్డులకు ఆ పోర్టే లేదు. కార్డు కొని గుచ్చితే ఫర్మ్‌వేర్ దానికి తనకు తోచిన నంబరు ఇస్తుంది. ప్రోగ్రాం మాత్రం పాత నంబరుకే పోయి, గేటు మూసి ఉందా అని అడుగుతుంది. అక్కడ ఇల్లూ లేదు, మనిషీ లేడు. లేనివాణ్ణి అడిగితే కంప్యూటర్లో నిశ్శబ్దం రాదు. ఏమడిగినా అవుననే వస్తుంది.

సెట్టింగుల ఫైలు తెరిచాడు. పోర్టు నంబరు ఒక్క వరుస. అందులో పాత నంబరే ఉంది. ఫైలును ఆఖరుసారి మార్చిన తేదీ ఇరవై ఏళ్ళ కిందటిది. పద్నాలుగు నెలల కింద కూడా ఇలాంటి కార్డే, ఇలాంటి బోర్డే. ఆ రోజు ఆ వరుసను అతను మార్చలేదు. గేటు మూసి పది మూతలు కొట్టి చూశాడు. పచ్చగుర్తు చూశాడు. గేటు తెరిచి చూడలేదు. లేచినదాన్ని కదపొద్దు అన్నది అతని పనిలో మొదటి నీతి. చచ్చిన సిస్టమ్ కొత్త బోర్డు మీద లేచిందంటే దణ్ణం పెట్టి చేతులు తీసెయ్యాలి. అలాగే తీసేశాడు. పద్నాలుగు నెలలు ఆ ప్రెస్సుకు గేటు లేదు. ఎవరి కాలూ జారలేదు గనక ఎవరికీ తెలియలేదు.

మేస్త్రి కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. మూడంకెలు కొడితే అయిపోతుంది. వేళ్ళు ఆ మూడంకెలకు వంగలేదు. కుడిచేతి వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని నొక్కుకున్నాడు.

షెడ్డు ముందు అరుపులు లేచాయి.

ఫోర్‌మన్‌ను ఎవరూ లాక్కురాలేదు, తనే వచ్చాడు. కంటికి కట్టు, మోచేతికి పట్టీ. వాకిట్లోనే వెల్డరు చెంప మీద కొట్టాడు, ఇంకొకడు వెనక నుంచి నడుం మీద తన్నాడు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు, లేచి నడిచాడు. ఆపడానికి కొట్టినకొద్దీ ప్రెస్సుకు దగ్గరవుతున్నాడు. చివరికి కొట్టేవాళ్ళే విసిగి, ఏం చేస్తాడో చూద్దామని అతని వెంట నడిచారు. వాళ్ళ మధ్య బావమరిది ఉన్నాడు. డాక్టరు వద్దన్నా వినకుండా ఆ పూటే మంచం దిగి వచ్చాడు. ఖాళీ చొక్కా చెయ్యిని భుజం మీదికి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు.

ఫోర్‌మన్ తాడు దాటి ప్రెస్సు ముందు నిలబడ్డాడు. గేటు తెరిచే ఉంది. కుడిచేతిని చాచి, వేళ్ళు విప్పి, కింది అచ్చు మీద బోర్లా పెట్టాడు. పైన ముప్పాతిక టన్ను ఇనుము వేలాడుతోంది.

"ఆ పెట్టె లోపల నేను కలిపుంటే ప్రెస్సు పడుద్ది, నా చెయ్యి పోద్ది," అన్నాడు. పెదవి చిట్లడం వల్ల మాట తడబడింది. "కలపకపోతే పడదు. తొక్కండి."

ఎవరూ కదల్లేదు. వెల్డరు మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రీ, నువ్వు పెట్టె ముట్టుకున్నావా?"

"లేదు," అన్నాడు మేస్త్రి.

"అయితే ఎట్లా ఉందో అట్లాగే ఉంది. రారా," అని వెల్డరు బావమరిది భుజం పట్టి ముందుకు నెట్టాడు. "నీ చెయ్యి నువ్వే తీసుకో."

బావమరిది వచ్చి పెడల్ ముందు నిలబడ్డాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. కాలు పైకెత్తాడు. ఫోర్‌మన్ ఉన్న ఒక్క కంటితో అతన్నే చూస్తున్నాడు. ఆ కంట్లో భయం లేదు. గేటు తెరిచి ఉంటే ప్రెస్సు పడదన్న సంగతి, చెయ్యి కాల్తే నొప్పి పుడుతుందన్నంత తేలిగ్గా నమ్మినవాడి చూపు అది. తెర మీద పచ్చగుర్తు వెలుగుతోంది.

మేస్త్రి రెండంగల్లో గోడ దగ్గరికి పోయి మెయిన్ హ్యాండిల్ కిందికి లాగాడు.

లైట్లు పోయాయి, తెర పోయింది. పెద్ద చక్రం ఒక్కటీ కాసేపు ఊరికే తిరిగి, మూలుగుతూ ఆగింది. బావమరిది కాలు పెడల్ మీద పడింది, ఏమీ కాలేదు.

ముందు నోరు తెరిచింది ఫోర్‌మన్. చెయ్యి ఇంకా అచ్చు మీదే ఉంది.

"ఎందుకాపావు మేస్త్రీ? ఎయ్యి. కరెంటు ఎయ్యి. ఇప్పుడు కాకపోతే నన్నింకెప్పుడు నమ్ముతారు వీళ్ళు?"

మేస్త్రి హ్యాండిల్ వదల్లేదు. వెల్డరు మెల్లగా అతని చేతిని, ఆరిపోయిన తెరను, ఫోర్‌మన్‌ను చూశాడు. అతని ముఖంలో వెలుగు వచ్చింది.

"కంప్యూటర్లో చూసేశాడు," అన్నాడు అందరితో. "పడుద్దని మేస్త్రికి తెలుసు. అందుకే ఆపాడు. ఎంతైనా ఇంకో చెయ్యి నరకడానికి మనసొప్పలేదు." ఫోర్‌మన్ వైపు తిరిగి ఉమ్మేశాడు. "కలిపిందీ కాక పందెమొకటి కాస్తావురా? ఆ మనిషి లేకపోతే ఈపాటికి నీ చెయ్యి కాగితమయ్యేది. ఆయన కాళ్ళకు మొక్కు."

ఫోర్‌మన్ మొక్కలేదు. పెట్టె తెరవమని మళ్ళీ అరిచాడు. ఇంకా తెరవడమెందుకన్నారు. ఈసారి దెబ్బలు వేరుగా ఉన్నాయి. మొదటిరోజు కోపంతో కొట్టారు, ఇవాళ నమ్మకంతో కొట్టారు. ఇద్దరు జబ్బలు పట్టుకుంటే వెల్డరు పొట్టలో గుద్దాడు. అచ్చు మీంచి ఊడదీసిన ఆ చెయ్యినే నేలకు అదిమి ఎవడో బూటుతో నూరాడు. వేలెముక విరిగిన చప్పుడు మేస్త్రి దాకా వినిపించింది. జుట్టు పట్టుకుని వాకిలి దాకా ఈడ్చి రోడ్డు మీదికి తోశారు. మేస్త్రి నోట్లో ఒక మాట ఉంది, చిన్నదే. దాన్ని బయటికి రానివ్వలేదు.

"బావా, నువ్వు మంచోడివి," అన్నాడు బావమరిది. ఒంటిచేత్తో అతని చొక్కా పట్టుకున్నాడు. "నేనైతే తొక్కేసేవాణ్ణి."

అందరూ వెళ్ళాక మేస్త్రి కరెంటు వేసి, ఆ మూడంకెలు మార్చాడు. గేటు తెరిచాడు. గుర్తు ఎర్రబడింది. చెయ్యి ఉండే చోట చెక్క ముక్క పెట్టి పెడల్ తొక్కాడు. ప్రెస్సు కదల్లేదు. నలభైసార్లు తొక్కాడు. నలభైసార్లూ కదల్లేదు.

సాయంత్రం ఓనరు ఒక టైపు కాగితం తెచ్చి పెట్టాడు. గేటు పెట్టెలో రెండు తీగలు కలిపి ఉండగా చూసి, వాటిని విడదీసి, మూత మళ్ళీ బిగించినట్టు అందులో ఉంది. కింద సంతకానికి గీత. మేస్త్రి పైకి చూశాడు. రంగు రాలిన నాలుగు స్క్రూలు పెట్టె మూత మీద మెరుస్తున్నాయి. ఓనరు కలం మూత తీసి ఇచ్చాడు. మేస్త్రి సంతకం చేశాడు. లారీ చెప్పిన వేళకు వచ్చి వెళ్ళింది.

ఇంట్లో బావమరిది ఆ కథ మొదలుపెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పడం అలవాటైంది. బావ హ్యాండిల్ లాగిన చోటికి వచ్చేసరికి లేచి నిలబడి మరీ చూపిస్తాడు. మొదటి రోజు మేస్త్రి విన్నాడు. రెండో రోజు కంచం ముందు నుంచి లేచాడు. "ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినపడితే ఇల్లొదిలి పోతాను," అన్నాడు. బావమరిది నవ్వి, మంచివాళ్ళు చేసిన మేలు చెప్పుకోరన్నాడు. ఆ తర్వాత చెప్పలేదు.

పదో రోజు పొద్దున ఫోర్‌మన్ కొట్టుకు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎడమకన్ను చోట చర్మం లోపలికి పోయి కుట్లు వేసి ఉంది. కుడిచేతి రెండు వేళ్ళు కర్రముక్కకు కట్టి ఉన్నాయి. మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. కొట్టడానికి వచ్చాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నువ్వు రాసిన కాగితం చూపించారు," అన్నాడు ఫోర్‌మన్. "కలిపి ఉందని రాశావు. నీకు నామీద కోపమున్నా, చూడంది చూశానని రాసే మనిషివి కాదు. నాకు తెలుసు." కర్రముక్కకు కట్టిన వేళ్ళను చూసుకున్నాడు. "అయితే నేనే కలిపుంటాను. కలిపేవాణ్ణేగా. ఎంత ఆలోచించినా ఏ రోజో గుర్తు రావట్లేదు మేస్త్రీ. మా ఆవిడ కలపలేదంటది. దానికేం తెలుసు. ఆ తీగ ముక్క ఏ రంగుదో చెప్పు. రంగు చెప్తే గుర్తొస్తదేమో. నేనే చేశానని తేలిపోతే కాస్త నిద్రన్నా పడుద్ది."

మేస్త్రి స్క్రూడ్రైవరును మళ్ళీ స్క్రూ గాడిలో పెట్టాడు. అది జారింది. మళ్ళీ పెట్టాడు.

"ఎర్రదా?" అన్నాడు ఫోర్‌మన్. "నల్లదా?"

"ఆ సంగతి నేను మాట్లాడను."

"రంగొక్కటే."

"మాట్లాడను. ఇవాళ కాదు, ఎప్పుడూ కాదు. చచ్చేదాకా నన్ను ఆ మాట అడక్కు."

ఫోర్‌మన్ తల ఊపాడు. అడిగినందుకు ఏమనుకోవద్దని చెప్పి, గోడ పట్టుకుని మెట్టు దిగాడు. మేస్త్రి స్క్రూ బిగించాడు. బిగిసిపోయాక కూడా తిప్పుతూనే ఉన్నాడు.